పుదుచ్చేరిలో బడిపిల్లలతో ఒక వారం

మన ప్లాంటులో ఎల్.టి.సి. గడువు ముగియవచ్చిన ప్రతిసారీ మా ఇంట ఒకే చర్చ జరుగుతుంది. ఉత్తరానికి పోదామని మేము, దక్షిణానికి పోదామని మా శ్రీమతి. ఈసారి ఆ చర్చకు అవకాశమే లేకపోయినది. పుదుచ్చేరిలో ఒక పాఠశాలలో విజ్ఞానశాస్త్రం బోధిస్తున్న మా మేనకోడలు ఆగస్టులోనే ఫోను చేసి, “మామయ్యా, సెప్టెంబరు మూడవ వారం మా బడిలో పర్యావరణ వారోత్సవం. ఆ వారమంతా తరగతులుండవు. పిల్లలను చెరువులకూ, తోటలకూ, సముద్రతీరానికీ తిప్పుతాము. మీరూ అత్తయ్యా వచ్చి మా ఇంట్లో ఉండాలి. ఒక పూట మీరు పిల్లలకు సముద్రంలో కట్టే గోడల గురించి చెప్పాలి” అన్నది. ఉక్కు కర్మాగారంలో పునాదులూ, కాలువలూ, రోడ్లూ వేసుకొనే సివిల్ శాఖ వారికి సముద్రంతో పనేమిటని మేము నసిగితే, “ఇక్కడి సముద్రంలో ఉక్కు కూడా ఉన్నది లెండి, వస్తే చూపిస్తాను” అని ఫోను పెట్టివేసినది. ఆ ఒక్క మాటకు మేము లోబడిపోయినామని ఒప్పుకొనక తప్పదు.

మా మేనకోడలి భర్త యానాం వాస్తవ్యుడు. కాకినాడకు కూతవేటు దూరాన గోదావరి పాయ ఒడ్డున ఉన్న ఆ చిన్న ఊరు, వందల కిలోమీటర్ల దక్షిణాన తమిళదేశం మధ్యనున్న పుదుచ్చేరి పాలన క్రిందకు వస్తుందన్న సంగతి మన పాఠకులకు తెలిసినదే. అందువలన సచివాలయపు పనుల మీదా, ఉద్యోగాల మీదా వచ్చి స్థిరపడిన యానాం కుటుంబాలు ఆ పట్టణంలో కొన్ని ఉన్నాయి. వారి ఇళ్లలో పులసల ముచ్చట్లు విని, వీధిలోకి అడుగుపెట్టగానే తమిళమూ, మలుపు తిరగగానే ఫ్రెంచి వీధి పేరూ కనబడితే, మనిషి ఒక్క పూటలో మూడు దేశాలు తిరిగినట్లుంటుంది.

హౌరా నుండి వచ్చే వారపు రైలులో విశాఖలో ఎక్కి, విళుప్పురం మీదుగా పుదుచ్చేరి చేరుకున్నాము. పట్టణాన్ని గూర్చి రెండు మాటలు. 1674లో ఫ్రాన్స్వా మార్తాన్ అనే ఫ్రెంచివారి ప్రతినిధి ఇక్కడ స్థావరమేర్పరచినాడు. తరువాత ఇంగ్లీషువారు ఒకటికి రెండుసార్లు కూల్చినా, మరల అదే గళ్ల నమూనాపై వీధులు నిలువూ అడ్డమూ గీసినట్లు లేచినవి. నడుమ ఒక కాలువ. దానికి తూర్పున తెల్లదొరల పేట, పడమట తమిళుల పేట. 1954 నవంబరు 1న పాలన భారతదేశానికి వచ్చినది, 1962 ఆగస్టు 16న చట్టరీత్యా విలీనం పూర్తయినది, 2006లో పాండిచ్చేరి పేరు పుదుచ్చేరిగా మారినది. ఇప్పటికీ పోలీసుల తలపై ఎర్రటి ఫ్రెంచి టోపీ నిలిచి ఉన్నది. మా శ్రీమతికి పట్టణమంతటిలో మొదట నచ్చినది ఆ టోపీయే.

సోమవారం ఉదయం ఎనిమిదింటికి బడికి పోయినాము. అది మరీ పెద్ద పాఠశాల కాదు. ఆవరణలో రెండు వేపచెట్లు, ఒక కానుగ, మధ్యలో ఇసుక నేల. పిల్లలందరూ ఆ ఇసుకలో వలయంగా కూర్చున్నారు. ప్రార్థనాగీతమో, ప్రసంగమో ఉంటుందనుకున్నాము. రెండూ లేవు. అయిదు నిమిషాల పాటు ఎవరూ మాటాడలేదు. వీధిలో ఐసు బండి గంట, కాకుల అరుపు, దూరాన సముద్రపు హోరు. అంతే. ఆ తరువాత ఒక చిన్నపిల్ల లేచి, తాను ఆ మౌనంలో ఎన్ని రకాల చప్పుళ్లు విన్నదో చెప్పినది. పదకొండు. మాకు వినబడినవి నాలుగు.

పుదుచ్చేరిలో మౌనంతో రోజును ఆరంభించడం కొత్త కాదు. 1943 డిసెంబరు 2న ఇరవై మంది పిల్లలతో మొదలైన అరవిందాశ్రమ పాఠశాల, నేటి శ్రీ అరవింద అంతర్జాతీయ విద్యాకేంద్రం, పరీక్షలూ పట్టాలూ లేని చదువుకు ప్రసిద్ధి. అక్కడ కూడా ఏకాగ్రతతో కూడిన నిశ్శబ్దానికి చోటున్నది. కాని మాకు ఆ క్షణంలో జ్ఞప్తికి వచ్చినది క్వేకర్లు. మిత్రసమాజమని తమను తాము పిలుచుకొనే ఆ క్రైస్తవ శాఖవారు పూజారి లేకుండా, మౌనంగా కూర్చుండి ఆరాధన గావిస్తారు. ఇంజనీర్లకు క్వేకరు అనగానే గుర్తుకు రావలసిన పేరు లారీ బేకర్ (1917–2007). కేరళలో స్థిరపడి, ఇటుకను నిలబెట్టి పేర్చి గోడ మధ్య ఖాళీ వదిలే ఎలుకబోను కట్టుబడిని వాడుకలోనికి తెచ్చి, తక్కువ సిమెంటుతో, తక్కువ ఖర్చుతో చల్లని ఇళ్లు కట్టి చూపిన మహనీయుడాయన. మన టౌన్‌షిప్‌లో ఒక్క గోడైనా ఆ పద్ధతిలో కడదామని మేము ఒకప్పుడు ప్రతిపాదించినాము. ఆ ఫైలు ఇప్పటికీ తిరుగుతున్నదేమో తెలియదు. ఈ క్వేకర్లు 1823లో ఇంగ్లండులోని యార్కు పట్టణంలో స్థాపించిన బూథం పాఠశాలలో 1834లోనే విద్యార్థుల ప్రకృతి పరిశీలన సంఘం ఏర్పడినది. ఆకులూ, పక్షులూ, పురుగులూ చూచి వ్రాసుకొనడం చదువులో భాగమని దాదాపు 2 వందల ఏళ్ల క్రిందటే వారు గ్రహించినారన్నమాట. మన బడుల్లో నేటికీ అది ఖాళీ పీరియడులో చేసే పని.

ఆ వారం కార్యక్రమాల పట్టిక చూస్తే మన షట్‌డౌన్ షెడ్యూలు గుర్తుకు వచ్చినది. అన్నీ వివరించడం సాధ్యం కాదు. మొదటి రోజు బడిలో పోగయిన చెత్తను పిల్లలే వేరు చేసి తూచినారు. అన్నిటికన్న బరువు తూగినది ప్లాస్టిక్కు కాదు, మధ్యాహ్నం పారవేసిన అన్నం. ఇది ఉపాధ్యాయులెవరూ ఊహించినది కాదు, పిల్లలకైతే అసలే రుచించలేదు. ఒక తరగతి ఆశ్రమంవారు 1959 నుండి నడుపుతున్న చేతికాగితపు పరిశ్రమను చూడబోయినది. నూలు గుడ్డల వ్యర్థాన్ని గుజ్జుగా నలగగొట్టి, జల్లెడ తొట్లలో ఎత్తి, తడి కాగితాన్ని ఆరవేసే ఆ పని చూచుటకు ఎంతో ముచ్చటగా ఉంటుంది. మరొక తరగతి 1826లో ఫ్రెంచివారు నెలకొల్పిన వృక్షశాస్త్ర ఉద్యానానికి పోయినది. 2011 డిసెంబరు 30 నాటి థానే తుపానులో పట్టణమంతటా చెట్లు కూలిపోయిన సంగతి అక్కడి తోటమాలి ఇప్పటికీ నిన్నటి కథ వలె చెబుతాడు.

వీటన్నిటి నడుమ మా శ్రీమతి చేసిన ఒక పని మాకు కొంత అసూయ కలిగించినది. ఆవరణ వెనుక బాదంచెట్టు ఆకులు రాలి ఉండగా చూచి, చీపురుపుల్లలు తెప్పించి, పిల్లల నడుమ కూర్చుండి విస్తళ్లు కుట్టడం మొదలుపెట్టినది. పావుగంటలో ఆమె చుట్టూ ముప్పై మంది. భాష తెలియకపోయినా వేళ్లు చూస్తే చాలును కదా. ఆ మధ్యాహ్నం పిల్లలు తాము కుట్టిన విస్తళ్లలోనే పులిహోర తిన్నారు. ఒకటి రెండు చిరిగి ఒళ్లో పడినా ఎవరూ లెక్క చేయలేదు. మేము ముప్పై నిమిషాల ఉపన్యాసానికి నెల రోజులు సిద్ధపడితే, ఆమె ఏ తయారీ లేకుండా వారం మొత్తానికి పేరు కొట్టివేసినది.

బుధవారం పట్టణానికి పది కిలోమీటర్లకు పైబడిన దూరాన ఉన్న ఊసుడు చెరువుకు బస్సులో పోయినాము. పుదుచ్చేరి ప్రాంతంలో మొత్తం 84 చెరువులని లెక్క. వాటిలో ఇది అన్నిటికన్న పెద్దది, తరువాతది బాహూరు చెరువు. ఊసుడు చెరువును 2008లో పక్షుల అభయారణ్యంగా ప్రకటించినారు. మేము పోయినది వలసపక్షులు రాని కాలం. నీటికాకులు, కొంగలు, నీటికోళ్లు మాత్రమే కనబడినవి. పిల్లలకు కొంత నిరాశ కలిగినది. మాకు మాత్రం పక్షులకన్న ఆ కట్ట, తూము, అలుగు చూడటంలోనే సంతోషం కలిగినది. ఒక చెరువు నిండి అలుగు పారితే ఆ నీరు క్రింది చెరువుకు పోయేటట్లు పూర్వులు గొలుసుకట్టుగా ఏర్పరచిన పద్ధతి మన రాయలసీమ, తెలంగాణ ప్రాంతాలలో ఉన్నదే. సముద్రానికి ఇంత చేరువలో భూగర్భజలాన్ని ఎక్కువగా తోడితే ఉప్పునీరు లోనికి చొరబడుతుంది. ఈ చెరువులు నేలలోనికి ఇంకించే మంచినీరే దానికి అడ్డుకట్ట. ఈ సంగతిని మా మేనకోడలు ఒక గాజు తొట్టెలో ఇసుక పోసి, ఒక ప్రక్క రంగు కలిపిన ఉప్పునీరూ, మరొక ప్రక్క మంచినీరూ నింపి చూపినది. మంచినీరు తోడిన కొద్దీ రంగు ఇవతలికి జరిగివచ్చింది. పిల్లలు నోరు తెరచి చూచినారు. మేమూ అంతే.

తిరుగు ప్రయాణంలో పట్టణం నడిబొడ్డున భారతి పార్కులోని తెల్లని ఆయి మండపం వద్ద బస్సు ఆపించినారు. దాని వెనుక ఒక కథ, అదీ మన కృష్ణదేవరాయలతో ముడిపడిన కథ కలదు. రాయలవారు ఈ ప్రాంతానికి వచ్చినప్పుడు దీపాలతో వెలుగుతున్న ఒక భవనాన్ని చూచి ఆలయమని భ్రమించి నమస్కరించినారట. అది ఆయి అనే వేశ్య ఇల్లని తెలిసి ఆగ్రహించి కూల్చివేయుమన్నారట. తన ఇంటిని తానే కూల్చుకొంటానని వేడుకొని, ఆమె ఆ చోట జనం కొరకు చెరువు త్రవ్వించినదట. కొన్ని వందల ఏళ్ల తరువాత పట్టణానికి తాగునీటి కొరత ఏర్పడినప్పుడు ఫ్రెంచి ఇంజనీర్లు ముత్తిరపాళయం నుండి కాలువ ద్వారా నీరు తెచ్చినారు. ఈ కథ విని మూడవ నెపోలియన్ చక్రవర్తి ఆమె జ్ఞాపకార్థం మండపం కట్టించినాడని చెబుతారు. ఇందులో చరిత్ర ఎంతో, జనశ్రుతి ఎంతో వేరు చేయడం మా పని కాదు. రాజుకు గాని, గవర్నరుకు గాని కాక, చెరువు త్రవ్వించిన ఒక స్త్రీకి ఊరి మధ్యలో మండపం ఉండటం మేము మరెక్కడా చూడలేదు.

గురువారం పట్టణానికి ఉత్తరాన, తమిళనాడు పరిధిలోని ఆరోవిల్‌కు పోయినాము. 1968 ఫిబ్రవరి 28న స్థాపన జరిగినప్పుడు ఆ పీఠభూమి చెట్టన్నది అరుదైన ఎర్రమట్టి నేల. వానపడితే మట్టి గండ్లు కోసుకొంటూ సముద్రంలోనికి పోయేదట. అక్కడికి చేరినవారు మొదట ఇళ్లకన్న ముందు మట్టికట్టలు వేసి, వాననీటిని పొలం దాటకుండా నిలిపి, మొక్కలు నాటినారు. ఇప్పుడది అడవి. పిల్లలు అక్కడ మిగిలి ఉన్న ఒక పాత గండిలోనికి దిగి, మట్టి పొరలను తాకి చూచినారు. సిమెంటు కొద్దిగా కలిపి అదిమిన మట్టి ఇటుకలతో అక్కడ కట్టిన కమానులు చూచి మేము కదలలేకపోయినాము. అయితే అక్కడ సర్వం ప్రశాంతమని అనుకొనరాదు. వలయాకారపు రోడ్డు కొరకు 2021 డిసెంబరులో చెట్లు కొట్టడంపై వివాదం రేగి హరిత ట్రిబ్యునలుకూ, అక్కడి నుండి సుప్రీంకోర్టుకూ పోయినది. 2025 మార్చిలో సుప్రీంకోర్టు ట్రిబ్యునలు ఉత్తర్వును కొట్టివేసినది. చెట్లు నాటినవారికే రోడ్డు ఎక్కడ వేయాలన్నది తేలలేదంటే, మన టౌన్‌షిప్ కమిటీలను మేము ఇకపై తప్పు పట్టబోము.

ఇక శుక్రవారం. ఈ వ్యాసం వ్రాయడానికి కారణం ఆ రోజు.

ఉదయం ఆరింటికే పిల్లలు సముద్రపు రోడ్డు మీద, గాంధీ విగ్రహం వద్ద చేరినారు. సాయంకాలం ఆరు నుండి ఉదయం ఏడున్నర వరకు ఆ రోడ్డు మీద వాహనాలు తిరగనివ్వరు గనుక నడచుటకు హాయిగా ఉంటుంది. వెనుకగా 1836లో వెలిగించిన పాత లైట్‌హౌసు. ఎదుట నల్లని బండరాళ్ల వరుస. ఆ రాళ్లను చూచి, పుదుచ్చేరి సముద్రం మొదటి నుండి ఇలాగే రాతి తీరమని వచ్చినవారు చాలామంది అనుకొంటారు. అది నిజం కాదు. పూర్వం ఇక్కడ వెడల్పయిన ఇసుక తీరం ఉండేది. 1986–89 మధ్య పట్టణానికి దక్షిణాన అరియాంకుప్పం నది ముఖద్వారం వద్ద ఓడరేవు కట్టి, సముద్రంలోనికి రెండు అలతట్టు గోడలు వేసినారు. అప్పటి నుండి ఇసుక కరగడం ప్రారంభించినది.

కారణం మన విశాఖవాసులకు తేలికగా అర్థమవుతుంది. తూర్పు తీరంలో నైరుతి గాలుల కాలమంతా అలలు ఆగ్నేయ దిక్కు నుండి ఏటవాలుగా వచ్చి ఒడ్డును తాకుతాయి. ప్రతి అల ఇసుకను కొంచెం ఉత్తరానికి జరుపుతుంది. ఈశాన్య గాలుల కాలంలో కొంత వెనుకకు వస్తుంది గాని, ఏడాది మొత్తం మీద ఉత్తరానికి పోయేదే అధికం. అలా ఏటా లక్షల ఘనపు మీటర్ల ఇసుక ఒక నది వలె తీరం వెంట ప్రవహిస్తూ ఉంటుంది. దానికి అడ్డంగా గోడ వేస్తే దక్షిణాన ఇసుక పేరుకొంటుంది, ఉత్తరాన ఆకలిగొన్న అల ఒడ్డునే తింటుంది. 1876లో మద్రాసు రేవు పని మొదలైన తరువాత దక్షిణాన మెరీనా బీచి వెడల్పయినదీ, ఉత్తరాన రాయపురం కోసుకుపోయినదీ ఇందువలననే. విశాఖ రేవు కట్టినవారు ఈ సంగతి ఎరిగి, రెండు పాత ఓడలను ముంచి వాటిని ఆధారంగా చేసికొని అలతట్టు గోడ కట్టి, దాని చాటున చేరిన ఇసుకను డ్రెడ్జరుతో తోడి ఉత్తరపు ఒడ్డుకు పంపే ఏర్పాటు చేసినారు. మన ఆర్.కె. బీచిలో ఏటా ఇసుక పోయించడం మన కళ్లయెదుట జరిగేదే. పుదుచ్చేరి పథకంలోనూ ఇసుకను ఇవతలి నుండి అవతలికి దాటించే ఏర్పాటు ఉన్నది. అది నిలకడగా నడవలేదు. ఇసుక పోయిన చోట రాళ్లు పోసినారు. రాళ్లు ముగిసిన చోట కోత మొదలైనది. అక్కడ మరల రాళ్లు పోసినారు. ఆ విధంగా కోత ఉత్తరపు జాలరిపేటలను ఒకదాని తరువాత ఒకటిగా పట్టుకొని తమిళనాడు తీరానికి పాకినది.

మా మేనకోడలు చూపిస్తానన్న ఉక్కు ఇదే తీరంలో, సచివాలయానికి ఎదుట నీటి క్రింద ఉన్నది. జాతీయ సముద్ర సాంకేతిక సంస్థవారు 2018లో వందల టన్నుల బరువుగల చీలిక ఆకారపు ఉక్కు నిర్మాణాన్ని ముంచి దిబ్బగా నిలిపినారు. అల దానిపై విరిగి బలం కోల్పోయి, మోసుకొచ్చిన ఇసుకను ఒడ్డున వదిలివేస్తుంది. 2019 నాటికి రాళ్ల ముందు ఇసుక మరల కనబడినది. మేము చూచినప్పుడు ఆ ఇసుకలో పిల్లలు గూళ్లు కడుతున్నారు. ఉక్కు కంటికి కనబడలేదు. అయినా మా ఛాతీ కొంచెం విప్పారినదని చెప్పుకొనుటకు సిగ్గుపడము.

బడిపిల్లలు ప్రతి నెలా ఆ ఇసుక వెడల్పును కొలుస్తారు. మీటరుకొక ముడి వేసిన తాడు, ఒక దీపస్తంభానికి పెయింటుతో వేసిన గుర్తు, ఒక నోటుపుస్తకం. ఇదే వారి పరికరాల మొత్తం. నీటి అంచు వరకు కొలుస్తుంటే, ఆటుపోట్ల వలన నీటి అంచు గంటగంటకూ మారుతుందనీ, పోటు వచ్చి మిగిల్చిన తడిగీత వరకు కొలవాలనీ మేము సవరించబోయినాము. నోటుపుస్తకం పట్టుకొన్న కుర్రవాడు, పన్నెండేళ్లుంటాయి, ఏమీ అనక పుస్తకం తెరచి చూపినాడు. రెండు గడులున్నాయి. ఒకటి నీటి అంచు, రెండవది తడిగీత. ప్రక్కన ఆటుపోటు సమయం కూడా వ్రాసి ఉన్నది. మేము కళ్లజోడు సవరించుకొని ఊరుకున్నాము.

ఆ కుర్రవాడు ఉత్తరపు జాలరిపేటవాడు. తమ తాతగారి కాలంలో పడవలను ఇసుక మీదికి లాగి, వలలు అక్కడే ఆరవేసేవారట. ఇప్పుడు వారి ఇంటి ముందు రాళ్లే గనుక పడవ దింపే చోటు లేదు. తండ్రి రేవుకు పోయి అక్కడి నుండి వేటకు వెళతాడు. తాతగారు పుట్టిన ఇల్లు ఎక్కడని అడిగితే నీటి వైపు చేయి చూపినాడు.

తొమ్మిదింటికి బడిలో మా ఉపన్యాసం. నల్లబల్ల మీద గోడలు, అలలు, బాణపు గుర్తులు గీసి మేము ఇంగ్లీషులో చెబుతూ ఉంటే మా మేనకోడలు తమిళంలో చెప్పినది. బాగానే సాగినదనుకున్నాము. చివర ప్రశ్నలడుగుమంటే ఆ కుర్రవాడు లేచి ఒకే ఒక ప్రశ్న వేసినాడు. మేనకోడలు ఒక క్షణం తటపటాయించి తెలుగులో చెప్పినది: “మామయ్యా, ఆ గోడ కట్టిన ఇంజనీర్లకు ఇలా అవుతుందని ముందే తెలుసా అని అడుగుతున్నాడు.”

తెలియదని చెబితే అబద్ధం. తెలుసునని చెప్పి, ఇసుక దాటించే ఏర్పాటు పథకంలో ఉన్నదనీ, కట్టేవారొకరు, నడిపేవారొకరు, డబ్బు మంజూరు చేసేవారు మరొకరనీ చెప్పినాము. మాట ముగియకముందే అది మాకే ఫైలులోని వాక్యం వలె వినబడినది. అప్పుడు, ముందు అనుకొననిది, ఒక సంగతి చెప్పినాము.

మన సంస్థలో చేరక ముందు, ఉద్యోగపు తొలి ఏళ్లలో, మేము వేరొక చోట జూనియర్ ఇంజనీరుగా ఉండేవారము. సిబ్బంది క్వార్టర్ల విస్తరణకు స్థలం కావలసివచ్చి, రెండెకరాల కుంట ఒకటి పూడ్చాలని నిర్ణయమైనది. డంపీ లెవెలుతో లెవెళ్లు తీసినది మేమే. చుట్టూ నేలకన్న కుంట అడుగు ఏడు అడుగులు పల్లమనీ, మూడు వైపుల వాననీరూ అక్కడికే చేరుతుందనీ లెవెల్ పుస్తకంలో మా చేతివ్రాతతోనే ఉన్నది. గేదెలు కడుగుకొనే ఒక ముసలాయన మా స్టాఫు పట్టుకొనే ఖలాసీని ప్రక్కకు పిలిచి, “గేదెల మాట సరే గాని, ఇది పూడిస్తే నీళ్లు ఎక్కడికి పోతాయో బాబును అడగరా” అన్నాడు. ఖలాసీ వచ్చి అడిగినాడు. మురుగుకాలువ వేస్తారులే అన్నాము. డ్రాయింగులో ఆ కాలువ కొలత చాలదని మాకు తెలుసు. పై అధికారికి నోటు వ్రాయాలనుకొని, ప్రొబేషను ఇంకా ముగియలేదు గదా అని మానుకున్నాము. రెండేళ్ల తరువాత అక్టోబరు తుపానులో ఆ క్వార్టర్ల క్రింది అంతస్తులలోనికి మూడడుగుల నీరు వచ్చినది. ప్రాణనష్టం లేదు. మా వెనుక బల్ల మీద పనిచేసే గుమాస్తాగారి ఇంట, ఆయన భార్య జీవనానికి ఆధారమైన కుట్టుమిషను, కుమార్తె పదవ తరగతి పుస్తకాలు నీటిపాలైనవి. విచారణ నివేదికలో కారణం అసాధారణ వర్షపాతమని వ్రాసినారు. ఆ ముసాయిదా వ్రాసినది కూడా మేమే.

గదిలో సడి లేదు. మేనకోడలు తమిళంలోకి మార్చుతూ మధ్యలో ఒకచోట ఆగి మా వంక చూచినది. చెప్పమన్నట్లు తల ఊపినాము. కుర్రవాడు మరల అడిగినాడు. ఆ తరువాత వారికి నిజం చెప్పినారా అని.

లేదన్నాము.

వాడు సరేనన్నట్లు తల ఊపి కూర్చున్నాడు. కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. ముప్పై ఏళ్లకు పైగా మేము మనస్సులో తయారుచేసి పెట్టుకొన్న సమాధానాలలో ఏదీ వాడికి అక్కరకు రాలేదు. అంతట బడిగంట మ్రోగినది, పిల్లలు అల్పాహారానికి పరుగెత్తినారు. ఆ సాయంకాలం సముద్రపు రోడ్డున నడుస్తూ మా శ్రీమతి, “పెళ్లయిన ఇన్నేళ్లలో ఈ మాట నాతోనైనా అనలేదే” అన్నది. నిజమే. ఎక్కడా అనలేదు, వ్రాయలేదు. ఆ గుమాస్తాగారు ఇప్పుడు లేరు. వారి అమ్మాయి ఎక్కడున్నదో కనుగొనుటకు పాత మిత్రుల ద్వారా ప్రయత్నిస్తున్నాము.

సెప్టెంబరు మూడవ శనివారం ప్రపంచమంతటా తీరాలను శుభ్రపరచే దినం. వారోత్సవంలో చివరి కార్యక్రమమదే. రాళ్ల సందులలో నుండి పిల్లలు చెప్పులు, సీసామూతలు, నైలాను వలముక్కలు, బిస్కెట్టు కాగితాలు ఏరినారు. మాకు నడుము సహకరించక, సంచుల లెక్క వ్రాసే పని అప్పగించినారు. వలముక్కలు ఎక్కువగా వచ్చినవి. వాటిని ఏరి చిక్కుతీసి, పనికివచ్చే త్రాడును ఆ కుర్రవాడు వేరుగా చుట్టుకొన్నాడు. కొలతాడు పాతబడినదనీ, కొత్తది పేనాలనీ చెప్పినాడు.

ఆదివారం రైలెక్కినాము. మా మేనకోడలు నెలనెలా పిల్లల కొలతలు ఫోనులో పంపుతున్నది. రెండు గడులు, ప్రక్కన ఆటుపోటు సమయం. అక్టోబరు కొలత సెప్టెంబరుకన్న రెండు ముళ్లు తగ్గినది. ఈశాన్య గాలులు మొదలైనప్పుడు కొంత హెచ్చుతగ్గులు సహజమేనని వ్రాసి పంపినాము. ఏ తేదీ నుండి గాలి మారినదో కూడా వ్రాసియుంచుమని కుర్రవాడికి చెప్పుమన్నాము. అది అప్పటికే వ్రాసి ఉన్నదట. నవంబరు కొలత ఇంకా రాలేదు. తుపాను హెచ్చరిక వలన పిల్లలను తీరానికి పోనివ్వలేదని మేనకోడలు చెప్పినది.